ఎడమ భుజం మెత్త

ముసలి దర్జీకి ముఖాలు గుర్తుండవు. వీధిలో ఎవరైనా నమస్కారం పెడితే తనూ పెట్టి, ఆ మనిషి దాటిపోయాక వెనక్కి తిరిగి చూస్తాడు. వీపు కనిపిస్తే ఎవరో తెలుస్తుంది. నలభై ఆరేళ్లుగా అతను చూస్తున్నది వీపులే.

దుకాణం వంతెన దిగగానే రెండో గది. ఒక కటింగు బల్ల, రెండు మిషన్లు, ఇస్త్రీ పెట్టె, నిలువుటద్దం, గిర్రున తిరిగే ఎత్తు పీట. గోడకు మేకులు, మేకులకు అచ్చు కాగితాలు. పాత ఖాతాదారులకు ఒక్కొక్కరికి ఒక్కో అచ్చు ఉంటుంది. ముందు ముక్క, వెనక ముక్క, చెయ్యి, కాలరు. కొత్త జత కుట్టాలంటే అచ్చు తీసి గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్ద గీస్తాడు. రెండో మిషను దగ్గర కాజాల బాబాయి కూర్చుంటాడు. కాజాలు, గుండీలు, వీధి కబుర్లు అతని వంతు. మా అన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడే మాటలు ఒక జేబులో పడతాయి, అదీ చొక్కా జేబులో, అంటుంటాడు.

దర్జీకి పని నేర్పిన మేస్త్రి మొదటిరోజే ఒక షరతు పెట్టాడు. టేపు చూపించింది పుస్తకంలో రాసుకోవాలి, పైకి అనకూడదు. ఒంట్లో వంకర ఉంటే ఆ సంగతి కత్తెర చూసుకుంటుంది. మనిషికి చెప్పి చిన్నబుచ్చకూడదు. దర్జీ ఆ మాట దాటలేదు. పొట్ట ముందుకొచ్చిన వాళ్లకు ముందు ముక్క పొడుగు తీశాడు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు అంచు ఒకవైపు ఎక్కువ మడిచాడు. భుజం జారినవాళ్లకు లోపల దూది మెత్త పెట్టాడు. వాళ్లంతా అద్దంలో చూసుకుని, ఎంత బాగా కుదిరిందో అనుకుంటూ వెళ్లిపోయారు.

కూతురి కూతురికి చిన్నప్పటి నుంచి ఆ ఎత్తు పీట మీద గిరగిరా తిరగడం అలవాటు. అందుకని బొంగరం అనే పేరు పడింది. తండ్రి బస్సు నడుపుతాడు, తల్లి పోస్టాఫీసులో కౌంటరు చూస్తుంది. ఆ పిల్లకు బయట కొన్న గుడ్డలు తొడిగింది లేదు. ఏటా నాలుగు జతలు, అన్నీ తాత కుట్టినవే.

పదకొండో ఏట బడి చొక్కాకు కొలతలు తీస్తుంటే ఎడమ భుజం పావు అంగుళం కిందికి ఉంది.

"సరిగ్గా నిలబడు," అన్నాడు.

"సరిగ్గానే నిలబడ్డా తాతయ్యా. నువ్వే వంగిపోయావ్."

మళ్లీ కొలిచాడు. పావు అంగుళమే. పావు అంగుళం తేడా లేని ఒళ్లు లోకంలో ఉండదని అతనికి తెలుసు. పుస్తకంలో రాసుకున్నాడు. సన్నటి మెత్త పెట్టాడు.

పన్నెండో ఏట అది అర అంగుళమైంది. కుడివైపు రెక్క ఎముక కాస్త ఉబ్బెత్తుగా తగిలింది, వెనక ముక్క ఆ వైపు వెడల్పు తీశాడు. పదమూడో ఏట ముప్పావు. నడుము పట్టీ ఒకవైపు ఎత్తి కుట్టాల్సి వచ్చింది. పిల్ల ఎదుగుతోంది కదా, ఎదుగుతూ ఎదుగుతూ అదే సర్దుకుంటుంది అనుకున్నాడు. ఆ అనుకోవడం కూడా పైకి అనలేదు. ప్రతిసారీ అచ్చు మార్చాడు, మెత్త మందం పెంచాడు. చొక్కా తొడిగి అద్దం ముందు నిలబెడితే పిల్ల కొలబద్దలా ఉండేది.

"చూడు నాన్నా, మన బొంగరం ఎంత నిటారుగా నిలబడుతుందో. మా ఆఫీసులో అందరూ అంటారు," అనేది కూతురు.

దర్జీ దారం కొరికేవాడు.

పధ్నాలుగో ఏట బడిలో ఈత మొదలుపెట్టారు. ఈత బట్టలు దర్జీ కుట్టడు. అంగడిలో కొన్నారు. పిల్ల నీళ్ల ఒడ్డున వంగి కాలి మేజోడు తీస్తుంటే వెనక నుంచి ఈత టీచరు చూసింది. వీపు కుడిపక్క చేటంత లేచి ఉంది. ఆ సాయంత్రమే తల్లికి ఫోను చేసింది.

ఎక్స్‌రేలో వెన్నెముక పాము మెలికలా ఉంది. వెన్ను డాక్టరమ్మ దాని మీద రెండు గీతలు గీసి, మధ్య కోణం కొలిచి, యాభై నాలుగు డిగ్రీలు అంది. గీతలు గీయడం, కొలవడం దర్జీకి అర్థమైంది. మిగతా సంగతి అందరితోపాటే విన్నాడు.

"ఈ వయసు పిల్లలకు ఇది ఎందుకొస్తుందో మాకూ తెలీదమ్మా. బరువు మొయ్యడం వల్ల కాదు, కూర్చోవడం వల్ల కాదు. ఎదిగే వయసులో ఎదుగుదలతో పాటే పెరుగుతుంది. పాతిక, ముప్పై డిగ్రీల దగ్గర దొరికితే ఒంటికి బెల్టు కట్టి ఆపడానికి చూస్తాం. ఇంత వంగాక బెల్టు పనిచెయ్యదు. ఆపరేషన్ చేసి, రాడ్లు వేసి, ఎముకలు ఒకదానితో ఒకటి అతుక్కునేలా చెయ్యాలి." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "రెండు మూడేళ్లుగా ఉండుంటుంది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"తల్లిని, నేనే చూసుకోలేదండీ," అంది కూతురు. తర్వాత తండ్రి వైపు చూపించింది. "మా నాన్న దర్జీ. ఏటా నాలుగుసార్లు దాని ఒంటి మీద టేపు పెడతాడు. ఆయన కంటికే ఆనలేదంటే ఎంత దొంగతనంగా వచ్చిందో చూడండి."

డాక్టరమ్మ దర్జీ వైపు చూసింది. దర్జీ ఆమె తెల్లకోటు జేబు చూస్తున్నాడు. కుడి జేబు ఎడమదాని కంటే కొంచెం కిందికి కుట్టి ఉంది.

ఇంటికొచ్చాక అల్లుడు తిన్నగా భార్య మీదికి పోయాడు. "రోజూ జడ వేస్తావుగా? వెనకే నిలబడి వేస్తావుగా? నీకు వీపు కనపడలేదా?"

కూతురు దువ్వెన చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. జవాబు దర్జీ సంచీలో ఉంది, కొలతల పుస్తకంలో, నెలలతో సహా. ఎక్కడికి వెళ్లినా ఆ పుస్తకం వెంట ఉంటుంది. అతను టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఇంటికి వెళ్లిపోయాడు.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు గడియారం. కూతురు గడియారం చూసింది, అల్లుడు తలుపు చూశాడు, దర్జీ కిటికీ తెర అంచు చూశాడు. కుట్టు దూరం దూరంగా వేశారు, రెండు చోట్ల ఊడింది. డాక్టరమ్మ బయటికొచ్చి రెండు రాడ్లు, పద్దెనిమిది స్క్రూలు వేశామనీ, కాళ్లు చేతులు కదుపుతోందనీ చెప్పింది. అప్పుడు కూతురు ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ, "నా వల్లే కదా," అంది. దర్జీకి స్పష్టంగా వినిపించింది.

మర్నాడే పిల్లను లేపి నిలబెట్టారు. నాలుగో రోజున వరండాలో నడిపించారు. మూడున్నర సెంటీమీటర్లు పొడుగైంది.

"తాతయ్యా, ఇటురా. పక్కన నిలబడు," అంది. "మొన్న నీ గడ్డం దగ్గర ఉండేదాన్ని. ఇప్పుడు మూతి దాకా వచ్చా. నువ్వు కుట్టినవన్నీ పొట్టైపోయుంటాయి."

"కుడతాలే," అన్నాడు దర్జీ. వీపు వైపుకు మాత్రం వెళ్లలేదు. ఆ తర్వాత కూడా ఆ పిల్ల ఎదురొస్తే పలకరించేవాడు, వెనుతిరిగితే తను కూడా వేరేవైపు తిరిగేవాడు. కొత్తగా అలవాటైంది.

ఆరు వారాలకు బడికి వెళ్లొచ్చన్నారు. నడుము వంచకూడదు, బరువెత్తకూడదు. కింద పడింది తీసుకోవాలంటే మోకాళ్లు ముడుచుకుని కూర్చుని తీసుకోవాలి. మచ్చ పక్కన అరచేయంత మేర స్పర్శ లేదు, అది వస్తే వస్తుంది లేకపోతే లేదు. అంతకుమించి ఏ ఇబ్బందీ లేదు. కూతురు ఫోను చేసి పొడవు చెప్పింది.

"ఒంటి మీద టేపు పెట్టొద్దు నాన్నా. నాకు భయం. పొడవు చెప్పా కదా, దాన్నిబట్టి కుట్టెయ్."

ఇది డాక్టరమ్మ పెట్టిన నియమం కాదు, కూతురు పెట్టింది. అయినా దర్జీ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ వీపు చూడాల్సి వచ్చేది. మేకు మీది అచ్చు తీసి గుడ్డ మీద పరిచాడు. కింద పొడవు కలిపాడు. భుజాల దగ్గర సుద్ద పాత గీత మీదే పోయింది. ఎడమ భుజం లోపల మెత్త పెట్టి కుట్టాడు. చెయ్యి తన పని తను చేసుకుపోయింది. అతని తల ఆపరేషన్ వరండాలోనే ఉంది. మూడు బడి చొక్కాలు, రెండు ఇంటి గౌన్లు అదే అచ్చు మీద తయారై అల్లుడి బస్సులో వెళ్లాయి.

ఆరో నెలలో ఆసుపత్రికి రమ్మన్నారు. ఆ రోజు అల్లుడికి డ్యూటీ పడింది, తల్లీకూతుళ్లకు తోడుగా దర్జీ వెళ్లాడు. డాక్టరమ్మ గది బయట నర్సు పిల్ల ముందు కాగితం పెట్టింది. ఆపరేషన్‌కు ముందు కూడా ఇదే కాగితం నింపించారు. నొప్పి ఎలా ఉంది, ఆటలాడగలుగుతున్నావా, దిగులుగా ఉంటోందా, ఇలా ఇరవై రెండు ప్రశ్నలు. ప్రతిదానికీ అయిదు గళ్లు, ఒక గడిలో టిక్కు పెట్టాలి.

లోపల డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే పాతదాని పక్కన పెట్టింది. "యాభై నాలుగు నుంచి పధ్నాలుగుకు వచ్చింది. స్క్రూలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంతకంటే బాగా రావడం కష్టం." రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. "నొప్పి తగ్గింది. నిద్ర బాగుంది. ఇదేంటి? బట్టలు వేసుకున్నప్పుడు ఎలా కనిపిస్తున్నావంటే, అప్పుడేమో చాలా బాగా అని పెట్టావ్. ఇప్పుడు బాగోదు అని పెట్టావ్. తప్పు గడిలో పెట్టావా?"

"లేదు."

"అప్పుడు వంకరగా ఉన్నావ్. ఇప్పుడు నిటారుగా ఉన్నావ్. తిరగబడింది కదా మరి?"

బొంగరం ఒళ్లో చేతులు చూసుకుంది. "నాకు తెలుసు. ఇప్పుడు రెండో వైపుకు పోతోంది."

"ఏది పోతోంది?"

"ఎడమ భుజం పైకొచ్చింది. బడిలో మొదటిరోజు నుంచే అంటున్నారు. రాడ్డు వంగిపోయిందా అని అడుగుతున్నారు."

"నాకు చెప్పలేదేం?" అంది తల్లి.

"చెప్తే మళ్లీ కోస్తారుగా."

నాలుగున్నర నెలలుగా ఆ పిల్ల ఆ మాట కడుపులో దాచుకుని బడికి పోయి వస్తోంది. డాక్టరమ్మ లేచింది. చొక్కా తీసి ఆసుపత్రి గౌను వేసుకుని రమ్మంది. పిల్ల తెర వెనక్కి వెళ్లి వచ్చింది. వెనక ముడి లేని గౌను. డాక్టరమ్మ ఆమెను గోడ వైపు తిప్పి నిలబెట్టి, రెండు భుజాల మీద రెండు చేతులు పెట్టి చూసింది.

"సమంగానే ఉన్నాయే. రండమ్మా, మీరే చూడండి."

కూతురు చూసింది. దర్జీ కూడా చూశాడు. ఆరు నెలల తర్వాత ఆ వీపు చూడటం అదే. మధ్యలో సన్నగా మచ్చ, మెడ కింద నుంచి నడుము దాకా, కుట్టు బాగా కుదిరింది. భుజాలు దాదాపు సమం. తర్వాత కుర్చీ మీద పడేసి ఉన్న చొక్కా చూశాడు. లోపల మనిషి లేకపోయినా ఎడమ భుజం లేచి ఉంది.

"చొక్కా వంకరండీ," అన్నాడు.

అతని గొంతు ఆ గదిలో అదే మొదటిసారి వినడం. ముగ్గురూ తిరిగి చూశారు.

"పిల్ల బాగానే ఉంది. చొక్కాలో మెత్త ఉంది, ఎడమవైపు. నేనే పెట్టా."

డాక్టరమ్మ చొక్కా భుజం రెండు వేళ్లతో నొక్కి చూసింది. కూతురికి నవ్వొచ్చింది.

"మెత్త ఏంటి నాన్నా, దాన్నేమన్నా సైన్యంలో చేర్పిస్తున్నావా? ఎందుకు పెట్టావ్?"

అక్కడితో ఆపొచ్చు. చెయ్యి పొరపాటు అంటే సరిపోతుంది. ముసలాడు, చూపు మందగించింది, అని నవ్వుకుని ఇంటికి పోతారు. దర్జీ ఆ మాట నోటి దాకా తెచ్చుకున్నాడు. బొంగరం తన ఎడమ భుజం మీద కుడిచేయి వేసుకుని నొక్కుకుంటోంది, అది నిజంగా దిగి ఉందో లేదో చూసుకుంటున్నట్టు.

"పాత అచ్చు మీద కుట్టా," అన్నాడు. "ఆ అచ్చు పాత ఒంటికి తీసింది. అప్పుడు భుజం దిగి ఉండేది."

కూతురి నవ్వు ఆగిపోయింది. "దిగి ఉండేదని నీకెట్లా తెలుసు?"

దర్జీ సంచీలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. పేజీ తీసి చూపించాడు. డాక్టరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. పదకొండేళ్లు, జూను, ఎడమ పావు. పన్నెండేళ్లు, జూను, ఎడమ అర, కుడి రెక్క వెడల్పు. పన్నెండేళ్లు, డిసెంబరు. పదమూడేళ్లు. కింద కింద కింద.

"ఇక్కడ దొరికి ఉంటే," అని కూతురు పన్నెండేళ్ల గీత మీద వేలు పెట్టింది, "బెల్టు సరిపోయేదా అండీ?"

"సరిపోయేదేమో. బెల్టు కట్టినా కొందరికి ఆగదు."

"దీనికి ఆగేదా?"

"నిజంగా చెప్పలేనమ్మా. ఎవ్వరూ చెప్పలేరు."

కూతురు పుస్తకం మూసి, దాన్ని బల్ల మీద తండ్రి వైపు జరిపింది. "నేను జడ వేసేదాన్ని నాన్నా," అంది. "రోజూ."

"నీ తప్పు లేదు," అన్నాడు దర్జీ. "నాకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు."

అంతకంటే పొడుగ్గా చెప్పడం అతనికి రాదు. బొంగరం డాక్టరమ్మను అడిగింది, "అయితే మళ్లీ కొయ్యరా?"

"కొయ్యం."

"నర్సక్కా, కత్తెర ఉందా?"

బయట నుంచి నర్సు లోపలికొచ్చి కట్లు కత్తిరించే కత్తెర ఇచ్చింది. పిల్ల వీపు వంచకుండా కుర్చీ అంచున కూర్చుని, చొక్కా భుజం తిరగేసి, కుట్లు ఒక్కొక్కటే తెంపి మెత్త లాగి చెత్తబుట్టలో పడేసింది. కుట్లు గట్టివి, కాస్త సేపు పట్టింది. అందరూ నిలబడి చూశారు. నర్సు కాగితం పట్టుకుని, ఈ ఒక్క ప్రశ్న కొట్టెయ్యనా మేడమ్ అని అడిగింది. కొట్టెయ్యకూడదంది డాక్టరమ్మ. కారణం రాయడానికి చూస్తే ఆ కాగితంలో దర్జీకి గడి లేదు. అంచున, అడ్డంగా, చొక్కా వల్ల అని రాసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూతురు కిటికీ పక్కన కూర్చుంది. దర్జీ వెనక సీటులో.

వారం దాటింది. కూతురు దుకాణానికి రాలేదు, ఫోను చెయ్యలేదు. కాజాల బాబాయి వారమంతా ఓపిక పట్టి, ఎనిమిదో రోజు అడిగాడు.

"ఏంటన్నా, అమ్మాయి కనపడటం లేదు?"

"చెప్పేశా."

"ఏం చెప్పావ్?"

"కొలతలు."

కాజాల బాబాయి సూదిలో దారం ఎక్కించాడు. మొదటిసారి ఎక్కలేదు. "నాకూ తెలుసన్నా," అన్నాడు. "గుండీలు కుట్టేది నేనే కదా. మెత్త చేతికి తగిలేది. ఏటేటా లావవుతోంది. అడుగుదామనుకున్నా."

"అడగలేదేం?"

"నువ్వెప్పుడైనా జవాబు చెప్పావా, అడగడానికి?"

దర్జీ లేచి గోడ మీది బొంగరం అచ్చు తీశాడు. నాలుగు మడతలు పెట్టాడు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, తిరిగి తగిలించడానికీ రాలేదు. బల్ల కింద పెట్టాడు.

పదో రోజు బడి వదిలాక బొంగరం వచ్చింది. పుస్తకాల సంచీ భుజానికి లేదు, తల్లి మోస్తోంది. తల్లి లోపలికి రాలేదు, గుమ్మం బయట మెట్టు మీద వీధి వైపు తిరిగి నిలబడింది. పిల్ల ఎత్తు పీట ఎక్కి ఒక్క చుట్టు తిరిగింది. మునుపు నడుము మెలితిప్పి తిరిగేది, ఇప్పుడు కుండలా మొత్తంగా తిరిగింది. దిగి అద్దానికి ఎదురుగా నిలబడింది.

"కొత్త చొక్కా కావాలి. కొలువు తాతయ్యా. పైకి చదువుతూ కొలువు."

దర్జీ టేపు మెడలోంచి తీశాడు. మెడ చదివాడు, పొడవు చదివాడు, ఛాతీ, నడుము. కాజాల బాబాయి మిషను ఆపేశాడు. ఎడమ భుజం దగ్గర దర్జీ నోరు మూతపడింది.

"చదువు."

"పావు తక్కువ."

"పావంటే ఎంత? చూపించు."

బొటనవేలి గోరుతో టేపు మీద చూపించాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"కుడి రెక్క?"

"కొంచెం ఉబ్బుంది. పూర్తిగా పోదు."

"డాక్టరమ్మ కూడా అదే అంది. రాసుకో." పిల్ల అద్దంలోంచి అతన్ని చూసింది. "మెత్త పెట్టకు. వెడల్పు గిడల్పు తియ్యకు. రెండు వైపులా ఒకటే కొయ్యి. ఎట్లా ఉంటే అట్లా ఉండనీ."

"సరే."

"మళ్లీ ఎప్పుడు కొలిచినా చదవాలి. నాకే కాదు, అమ్మకు కూడా వినపడాలి."

"సరే," అన్నాడు దర్జీ. పుస్తకం తిరగేసి, కొత్త పేజీలో అన్నీ రాసుకున్నాడు. ఎడమ పావు తక్కువ, మెత్త లేదు.

గుమ్మం బయట నుంచి కూతురి గొంతు వినిపించింది. "బాబాయ్, ఆ పెద్దమనిషిని అడుగు, చొక్కా ఎప్పటికిస్తాడో. బుధవారానికి కావాలి."

కాజాల బాబాయి అటు చూశాడు, ఇటు చూశాడు. "మీ నాన్న ఇక్కడే ఉన్నాడమ్మా. నీకూ ఆయనకూ మధ్య రెండు గజాలు లేదు."

"గజాలు నాకు తెలుసు. నువ్వడుగు."

"అన్నా, బుధవారానికి కావాలంట."

"మంగళవారం ఇస్తానని చెప్పు," అన్నాడు దర్జీ.

"మంగళవారం ఇస్తాడంటమ్మా."

కూతురు సంచీ ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. "దాని ముందు తొడిగి చూపించి, ఎలా ఉందో నోరు తెరిచి చెప్పాలని చెప్పు. మంగళవారం సాయంత్రం వస్తాం."

ఈసారి కాజాల బాబాయి చెప్పలేదు. దర్జీ గుమ్మం దాకా వెళ్లి, "చెప్తా," అన్నాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని మెట్టు దిగింది. ఇద్దరూ వంతెన వైపు నడిచారు. దర్జీ అవి మలుపు తిరిగే దాకా ఆ రెండు వీపులూ చూశాడు. తర్వాత లోపలికొచ్చి, బల్ల మీద కొత్త కాగితం పరిచి, సుద్ద చెక్కాడు.